ఆదివారం వాకబు

చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక సందులో, మేడ మీది ముందు గదిలో, అరుంధతి ప్రతి ఆదివారం పొద్దున ఒక బస్సు నడిపేది. నడిపేది అనడం తప్పు. ఇప్పటికీ నడుపుతూనే ఉంది. చక్రాలు లేని బస్సు అది. గోడకు ఒక నల్లబల్ల, నేల మీద రెండు జంపఖానాలు, మోకాళ్లు నొప్పులన్న వాళ్లకు ఒక బెంచీ. ఎక్కేవాళ్లంతా అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి సర్కారు నౌకరీ పరీక్షలకు చదివే పిల్లలు. పిల్లలంటే ఇరవై రెండు నుంచి ముప్పై ఐదు దాకా.

"మీరందరు ముషీరాబాద్‌ల బస్సెక్కిన్రు," అని మొదలుపెడుతుంది ఆమె, నల్లబల్ల మీద ఒక డబ్బా గీసి దానికి రెండు సున్నాలు తగిలించి. "బస్సు నడుస్తున్నది. మీరింక దిగలే. యాడ ఎక్కిన్రో చెప్పాలంటె సిన్స్. ఎంతసేపటి సంది కూసున్నరో చెప్పాలంటె ఫర్. మనం తెలుగుల రెండిటికీ సంది అనే అంటం. పొద్దటి సంది, రెండు గంటల సంది. అందుకే ఇంగ్లీషుల ఐ యామ్ హియర్ ఫ్రమ్ టూ అవర్స్ అని తెచ్చి పెడ్తం. ఇంగ్లీషోడు ఎక్కిన స్టాపును, కూసున్న సేపును వేరువేరుగ చూస్తడు."

"మరి జస్ట్ ఏంది మేడం?"

"ఇప్పుడే ఎక్కినోడు. ఇంక రాడ్ పట్టుకొని ఊగుతున్నడు."

"ఆల్రెడీ?"

"నీకంటె ముందే కిటికీ సీటు దొరకవట్టినోడు."

"యెట్?"

"కండక్టరు నీ దాక ఇంక రాలే. వస్తడని చూస్తున్నవ్."

అక్కడ గదిలో నవ్వులు తప్పకుండా పుట్టేవి. ఆ కండక్టరు కోసం ఏళ్ల తరబడి చూస్తున్నవాళ్లే అందరూ.

అరుంధతి పుట్టింది నారాయణగూడలో. తండ్రి ఒక అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దేవాడు. ఇంట్లో తెలుగు కాగితాలే తప్ప ఇంగ్లీషు ముక్క లేదు. డిగ్రీలో చేరిన మొదటి రోజు లెక్చరర్ ఆమెను నిలబెట్టి, ఈ ఊళ్లో ఎంతకాలంగా ఉంటున్నావని ఇంగ్లీషులో అడిగాడు. ప్రశ్న అర్థమైంది. జవాబు తెలుసు. రెండింటికీ మధ్య వంతెన లేక అలాగే నిలబడి, కూర్చుంది. ఆ వంతెన కట్టుకోవడానికే ఇంగ్లీషు చదివింది, ఆ తర్వాత జూనియర్ కాలేజీల్లో అదే చెప్పింది. కరెంటు ఆఫీసులో పనిచేసే ప్రేమ్‌సాగర్‌ను పెళ్లి చేసుకుని చిక్కడపల్లికి వచ్చింది. పుట్టిల్లు, అత్తిల్లు నడిచిపోయేంత దూరం. మధ్యలో అప్పుడు మెట్రో స్తంభాలు లేవు, అంతే తేడా. రిటైరయ్యాక కొన్నాళ్లు లైబ్రరీలో మధ్యాహ్నాలు చదువుకుంటూ గడిపింది. పక్క బల్ల మీద పోటీ పరీక్షల పుస్తకాలతో కుస్తీ పట్టే ఒక అబ్బాయి సిగ్గుపడుతూ సందేహం అడిగాడు. మర్నాడు ఇద్దరు వచ్చారు. లైబ్రరీలో గుసగుసలు పెరగడంతో, మేడ మీది గది ఖాళీ చేయించింది. అందులో ప్రేమ్‌సాగర్ పాత ఫ్యాన్లు, స్విచ్‌బోర్డులు ఉండేవి. ఆయన ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతాడు.

ఆమె పద్ధతి ఒకటి ఉంది. క్లాసు అయ్యాక ఎవరికీ ఇంటిపని ఇవ్వదు. వీధిలోకి పంపుతుంది. ఒక్క మనిషిని పట్టుకుని, ఎన్నేళ్ల నుంచి ఇక్కడ ఉన్నారు, ఎప్పటి నుంచి ఈ పని చేస్తున్నారు అని తెలుగులోనే అడిగి రావాలి. మరుసటి ఆదివారం లేచి నిలబడి అది ఇంగ్లీషులో చెప్పాలి. దీనికి పిల్లలే వాకబు అని పేరు పెట్టారు. ఇస్త్రీ బండి, జిరాక్సు దుకాణం, పూలమ్మే ఆవిడ, గానసభ ముందు ఆటోలు, ఎవరినీ వదల్లేదు. ఒకసారి ఇంద్రసేన అనే అతను ఒక ఆటో ఆయన్ని అడిగితే, "నువ్వు సర్వే ఆఫీసరువా, ఈ ఆటో ఎన్నేండ్ల సంది నడుపుతున్నవని ఎందుకడుగుతున్నవ్, పాత బండని పట్టిస్తవా," అని తరిమాడట. ఇంద్రసేన అది కూడా ఇంగ్లీషులోనే చెప్పాడు. హి హాజ్ నాట్ ఫర్‌గివెన్ మీ యెట్, అని ముగించేసరికి గది దద్దరిల్లింది. ఆ వాక్యం చెప్పినందుకు అరుంధతి అతనికి టీ తాగించింది.

ఆ గదిలో అందరికంటే బాగా చదివేది రేణుక. జనగామ దగ్గర పల్లె ఆమెది. సన్నగా, ఎప్పుడూ వెనక గోడకు ఆనుకుని కూర్చునేది. ఎవరి వాక్యమైనా తప్పితే తల ఎత్తకుండానే నెమ్మదిగా సరిచేసేది. ఎన్నేళ్లయింది వచ్చి అంటే, రెండేళ్లు, అనేది. ఆమెను చూసినప్పుడల్లా అరుంధతికి ఈ పిల్ల వెనక గోడ దగ్గర కాదు, నల్లబల్ల దగ్గర నిలబడి చెప్పాలనిపించేది. ఈ ఎండాకాలంతో బాపు గది కిరాయి పంపడం ఆపుతానన్నాడని, ఏదో ఒక పని దొరక్కపోతే ఊరికి వెళ్లిపోవాలని, వెళ్తే మళ్లీ పరీక్ష రాయడం కలలో మాటేనని రేణుక ఒకరోజు చెప్పింది. అప్పుడు అరుంధతి రాగిణికి ఫోన్ చేసింది. రాగిణి ఆమె ఒకప్పటి శిష్యురాలు, నారాయణగూడలో ఒక ప్రైవేటు బడికి హెడ్మిస్ట్రెస్.

"మీరు చెప్తె నేను కాదంటనా మేడం," అంది రాగిణి. "కాని ఒక్క ముచ్చట. ఏండ్లకేండ్లు పోటీ పరీక్షలు రాసేటోళ్లు నాకొద్దు. నోటిఫికేషన్ రాంగనే పుస్తకం బల్ల మీద బోర్లేసి పోతరు. పిల్లలు ఆగం అయితరు."

"రెండేండ్లే అయింది రాగిణీ వచ్చి. మంచి పిల్ల."

"అట్లయితె బేస్తారం పంపుండ్రి. ఆరో తరగతికి ఒక పాఠం చెప్పిచ్చి చూస్త."

ఆ బేస్తవారానికి ముందు వచ్చిన ఆదివారమే ఆ సంగతి జరిగింది.

వాకబు చెప్పే వంతు మహితది. సిద్దిపేట వైపు నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి, రాడ్ పట్టుకుని ఊగుతున్న రకం. హాస్టల్ పక్కన మెస్ నడిపే సమ్మక్కను అడిగి వచ్చింది. వారమంతా అద్దం ముందు నిలబడి చెప్పుకుందేమో, ఎక్కడా తడబడలేదు.

"సమ్మక్క హాజ్ బీన్ రన్నింగ్ ద మెస్ ఫర్ నైన్ ఇయర్స్," అంది. గాలి పీల్చుకుంది. "రేణుకక్క హాజ్ బీన్ ఈటింగ్ దేర్ ఫర్ సెవెన్ ఇయర్స్. సమ్మక్క సేస్, షి ఈజ్ ద ఓల్డెస్ట్ కస్టమర్."

"శభాష్," అంది అరుంధతి. మూడు వాక్యాలూ ముత్యాల్లా వచ్చాయి. చప్పట్ల కోసం చేతులెత్తింది కూడా.

చప్పట్లు పడలేదు. గదిలో అందరూ జంపఖానా చారలు లెక్కపెడుతున్నట్టు కిందికి చూస్తున్నారు. ఇంద్రసేన కిటికీ బయట ఏదో వెతుకుతున్నాడు. వెనక గోడ దగ్గర రేణుక పుస్తకం మూసి, సంచిలో పెట్టుకుని, "జర పని ఉన్నది మేడం," అని లేచింది. మెట్లు దిగే చప్పుడు చివరిదాకా వినిపించింది.

మహిత అలాగే నిలబడి ఉంది. "నేను తప్పు చెప్పిన్నా మేడం?" అంది.

"తప్పు లేదు, కూసో," అంది అరుంధతి. ఆమెకూ ఇంకా ఏమీ అర్థం కాలేదు.

అర్థమయ్యేలా చెప్పింది ప్రేమ్‌సాగర్. ఆయన సాయంత్రాలు అశోక్‌నగర్ చాయ్ బండి దగ్గర ఆ కుర్రాళ్ల మధ్య నిలబడే మనిషి. అన్నంలోకి పచ్చిపులుసు కలుపుకుంటూ అంతా విన్నాడు.

"నీకు ఎరుక లేదా? అశోక్‌నగర్ల ఎన్నేండ్లాయె అంటె ఎవ్వడు అసలు లెక్క చెప్పడు. ఆఖరి నోటిఫికేషన్ కాడికెల్లి లెక్క. పాత పరీక్ష పోయిందంటె ఆ ఏండ్లు సుత దాంతోనే పోయినట్టు. ఎదుటోనికి అంతా తెలుసు, కాని అడగడు. అది ఆ గల్లీల మర్యాద."

"ఎవ్వరు చెప్పలే నాకు."

"చెప్పేదేముంది దాంట్ల. నలభై ఏండ్ల సంది చెప్తున్న, పులుసుల ఉప్పు తక్కువెయ్యమని. అది విన్నవా?"

"నలభై ఏండ్ల సంది తింటున్నరు కద. మంచిగనే ఉన్నరు."

ఆయన నవ్వాడు గాని ఆమె నవ్వలేదు. పుట్టినప్పటి నుంచి రోడ్డుకు ఇవతల బతికింది. అవతల గల్లీలో ఇంతమంది తమ ఏళ్లను ఇలా చెరిపేసుకుని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతున్నారని ఆమెకు తెలియలేదు. తెలియకుండానే వాళ్లందరినీ నిలబెట్టి, ఎన్నేళ్లు, ఎన్నేళ్లు అని అడుగుతూ వచ్చింది. పైగా శభాష్ అంది. ఇంకో సంగతి కూడా ఉంది. రెండేళ్లని రాగిణికి మాట ఇచ్చింది తను.

చెయ్యి కడుక్కుని చీర మార్చుకుంది.

"ఎండల ఏడికి?"

"వాకబుకు," అంది అరుంధతి.

సమ్మక్క మెస్ ఒక పాత ఇంటి కింది భాగం. భోజనాల వేళ దాటింది. బల్లలు తుడిచి ఉన్నాయి. గుమ్మంలో సమ్మక్క చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. లోపల చివరి బల్ల దగ్గర రేణుక గోరుచిక్కుడు ఈనెలు తీస్తోంది. ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టు లేదు. ఆ పని వాళ్లకు అలవాటైనదేనని చూడగానే తెలుస్తుంది.

"రాండ్రి మేడం," అంది సమ్మక్క చేట పక్కన పెట్టి. "మీరు వస్తరనుకున్న. నా నోరు కాల, నేనే చెప్పిన. గా పిల్ల వచ్చి ఎన్నేండ్ల సంది నడుపుతున్నవ్ సమ్మక్కా అంటె మురిసిపోయిన. నన్ను ఎవలు అడిగిన్రు ఇన్నొద్దులు? అందరు నాలుగు నెలలు తింటరు, పక్క గల్లీల కొత్త మెస్ తెరిస్తె ఆడికి ఉరుకుతరు. గీమె ఒక్కతె పోలే. గా గొప్ప చెప్పుకున్న. గది గీమెకు తలవంపని నాకేమెరుక?"

"నువ్వు ఊకోరాదు అక్కా," అంది రేణుక లోపలి నుంచి.

అరుంధతి వెళ్లి ఎదురుగా కూర్చుంది. ఒక గుప్పెడు కాయలు తన ముందుకు లాక్కుంది.

"నేను శభాష్ అన్న," అంది ఒక ఈనె తీసి. "అది తలుచుకుంటె కష్టమైతున్నది రేణుకా."

రేణుక తల ఎత్తింది. ఏడ్చిన కళ్లే. అయినా పెదవి చివర నవ్వు కదిలింది. "వాక్యం కరెక్టే ఉండె కద మేడం. నేను సుత లోపల్లోపల చెక్ చేసుకున్న. హాజ్ బీన్ ఈటింగ్. మంచిగ చెప్పింది."

సమ్మక్క గుమ్మంలో నుంచి కిసుక్కుమంది. ముగ్గురూ నవ్వారు. నవ్వయ్యాక రేణుక ఈనెలు తీస్తూనే మాట్లాడింది.

"మీకు అబద్ధం చెప్పాలని కాదు. ఎవరడిగినా నోట్లకెల్లి అదే వస్తది. పరీక్ష పోంగనే ఆ లెక్క ఖతం చేస్తం. కొత్త బుక్కులు, కొత్త టైంటేబుల్. లేకపోతె పొద్దున లేవబుద్ధి కాదు. ఊరికి పోతె ఇంకా అయితలేదా అంటరు. ఆ ఇంకా అనే మాట వింటె లేచి పోబుద్ధయితది. ఈడ ఎవ్వరు అనరు. అందుకే ఈడ ఉండబుద్ధయితది."

"నేను అడిగేదాన్ని కద ప్రతివారం."

"మీరు ఆటోలోళ్లను, ఇస్త్రోళ్లను అడగమన్నరు. వాళ్లు ఎన్నేండ్లుంటె అంత గొప్ప. మాకు అట్ల కాదు."

అరుంధతి ఇంకో రెండు కాయలు తుంచింది. ఒకే పని తొమ్మిదేళ్లు చేస్తే సమ్మక్కకు మురిపెం. ఒకే పని ఏడేళ్లు చేస్తే ఈ పిల్లకు సిగ్గు. ఇద్దరూ పొద్దున్నే లేస్తున్నారు, ఇద్దరూ రోజంతా కష్టపడుతున్నారు.

"బేస్తారం సంగతేంది?" అంది చివరికి. "రెండేండ్లని రాగిణికి నేనే చెప్పిన. ఫోన్ చేసి, నాకు తెల్వక చెప్పిన అని ఒప్పుకుంట. నీ పేరు మీద మచ్చ రాకుండ."

రేణుక ఇంకో కాయ అందుకుంది. ఏడేళ్లని తెలిస్తే ఆ బడి తలుపు మూసుకుంటుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, మొదట్లోనే అరుంధతి చెప్పింది.

"వద్దు మేడం," అంది. "మీరు ఫోన్ చెయ్యకుండ్రి. అడిగితె ఏమనాల్నో నేను చూసుకుంట."

"ఏమంటవు?"

"తెల్వదు ఇంక."

సమ్మక్క లేచి వచ్చి కాయల గిన్నె తీసుకుంది. "అన్ని ముదురువే మిగిలిచ్చిన్రు," అని ఇద్దరినీ కలిపి తిట్టింది. వెళ్లేటప్పుడు అరుంధతి చేతిలో ఒక డబ్బా పెట్టింది. "సార్‌కు ఇయ్యుండ్రి, సర్వపిండి. ఉప్పు తక్కువనే ఏసిన." ప్రేమ్‌సాగర్ పులుసు గొడవ ఈ గల్లీ దాకా వచ్చిందన్నమాట.

మూడు రోజులు అరుంధతి ఫోన్ వైపు చూస్తూ, చెయ్యకుండా గడిపింది. రాగిణి తన శిష్యురాలు. తనకు తెలిసీ ఆమెకు నిజం చెప్పకుండా ఊరుకోవడం తప్పే. చెబితే రేణుక నోటి మాట లాక్కున్నట్టు. ఒకసారి లాక్కున్నది చాలు అనుకుంది.

బేస్తవారం పొద్దున లైబ్రరీకి వెళ్లి పేపరు తెరిచింది. ఒకే పేజీ మూడుసార్లు చదివి మడిచిపెట్టి ఇంటికి వచ్చేసింది. ప్రేమ్‌సాగర్ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "నడువు. నారాయణగూడల చాయ్ తాగొద్దాం. నువ్వు ఇంట్ల ఉంటె నాకే పరేషాన్ ఉన్నది."

మెట్రో స్తంభాల నీడన నడుచుకుంటూ వెళ్లారు. చౌరస్తా దగ్గర హోటల్లో బడి గల్లీ కనిపించే బల్ల చూసుకుని కూర్చున్నారు. ఆయన రెండు చాయ్‌లు, ఉస్మానియా బిస్కెట్లు చెప్పాడు. ఆమె చాయ్ చల్లారింది. ఆయన అది కూడా తాగాడు.

రేణుక గల్లీలో నుంచి వచ్చేటప్పుడు నడక మామూలుగానే ఉంది. దాన్ని బట్టి ఏమీ తెలియలేదు. వీళ్లను చూసి ఆగి, లోపలికి వచ్చి, ప్రేమ్‌సాగర్‌కు దండం పెట్టి కూర్చుంది.

"ఎట్లయింది బిడ్డా?" అన్నాడు ఆయన. అరుంధతి ఆమెకు ఒక చాయ్ చెప్పింది.

"మీ బస్సే చెప్పిన మేడం. ఇంకేం తోచలే. బోర్డు మీద బస్సు గీసిన. ముషీరాబాద్ బదులు నారాయణగూడ అన్న. పిల్లలు మంచిగ విన్నరు. బస్సు దిగనంత సేపు ఎక్కిన స్టాపు మారదు, మధ్యల స్టాపులు ఎన్ని దాటినా మీరు ఎక్కింది అక్కడే అని చెప్పిన. రాగిణి మేడం వెనక బెంచీల కూసొని వింటున్నరు."

"మరి?"

"ముందు వరసల ఒక పొల్ల లేచింది. రమ్య అట. మిస్, మరి మీరు ఎప్పుడెక్కిన్రు, మా ఊరికి ఎప్పుడొచ్చిన్రు అన్నది." రేణుక ప్లేటులో మిగిలిన బిస్కెట్టు ముక్కను వేలితో తిప్పింది. "రెండేండ్లు అనే మాట నాలుక మీదికి వచ్చింది మేడం. రోజూ వచ్చేదే కద. కాని బోర్డు మీద బస్సున్నది. ఇప్పుడే చెప్పిన, దిగకుండ స్టాపు మార్చొద్దని. నేను యాడ దిగిన? ఒక్కరోజన్న దిగలే. పిల్లల ముందర అట్లెట్ల చెప్తం? ఐ హావ్ బీన్ హియర్ ఫర్ సెవెన్ ఇయర్స్ అన్న."

హోటల్లో ఎవరో చాయ్ కోసం కేక వేశారు. ముగ్గురూ అది వినలేదు.

"పొల్ల ఊకోలే. ఎందుకొచ్చిన్రు అన్నది. సర్కారు నౌకరికి చదువుతున్న అన్న. వచ్చిందా అన్నది. నాట్ యెట్ అన్న. కండక్టరు ఇంక మీ దగ్గరికి రాలేదా మిస్, అని అడిగింది. క్లాసంత నవ్విండ్రు. నాకు సుత నవ్వొచ్చింది." ఇప్పుడు కూడా నవ్వుతోంది. "ఇంకా అనే మాట వింటె లేచి పోబుద్ధయితది అన్న కద. పోబుద్ధి కాలే."

"రాగిణి ఏమన్నది?"

"గదిలకు పిలిచి ఒక ముచ్చట అడిగిన్రు. ఫోన్ చేస్త పొమ్మన్నరు." ఆ ముచ్చట ఏమిటో చెప్పలేదు. ఆ పని పోయినట్టే అనుకున్నట్టుంది, చాయ్ మాత్రం ఆఖరి చుక్క దాకా తాగింది.

రాగిణి ఫోన్ మర్నాడు మధ్యాహ్నం వచ్చింది, రేణుకకు కాదు, అరుంధతికి.

"మేడం, రెండేండ్లన్నరు మీరు."

"అప్పుడు నాకు తెలిసింది అంతే. ఆదివారం అసలు సంగతి తెలిసింది. నీకు చెప్పాలె, చెప్పలే. ఆమె నోటితోనే రావాలని ఊకున్న. తప్పు నాదే రాగిణీ."

"మంచిగ చేసిన్రు," అంది రాగిణి. కోపమో వేళాకోళమో తెలియలేదు. "పోయినేడు నా బడికి ముగ్గురు ఇంగ్లీష్ టీచర్లు వచ్చిన్రు మేడం. ముగ్గురూ, యాడికి పోతం, ఈడనే ఉంటం అన్నరు. ముగ్గురూ పోయిన్రు. నిన్న ఈమెను అడిగిన. నౌకరి వస్తె పిల్లల పరీక్షలయ్యే దాక ఉంటవా అని. ఆలోచించింది. సర్కారోళ్లు జాయిన్ అయేటందుకు టైమ్ ఇస్తె ఉంట మేడం, ఇయ్యకపోతె పోత, అన్నది."

అరుంధతి కళ్లు మూసుకుంది.

"నా మొఖం మీద పోత అని చెప్పింది ఈమె ఒక్కతే," అంది రాగిణి. "అదీ గాక, ఏడేండ్లు ఒక్క గదిల, ఒక్క మెస్సుల, ఒక్క పనిని పట్టుకొని ఉన్న మనిషి. ఏడాది మా పిల్లల దగ్గర ఉండదా? ఉన్నన్ని దినాలు ఉంటది. జూన్ నుంచి రమ్మనుండ్రి. పరీక్షలప్పుడు సెలవు ఇస్త. ఆ రమ్య మాత్రం పొద్దటి సంది నన్ను చంపుతున్నది, బస్ మిస్ మళ్ల ఎప్పుడొస్తరని."

ఆ వార్తను సమ్మక్క మెస్‌కు చేరవేసే పని ప్రేమ్‌సాగర్ తీసుకున్నాడు. సర్వపిండి డబ్బా వాపసు ఇవ్వాలి కదా అని వంక. తిరిగొచ్చేటప్పుడు డబ్బా మళ్లీ నిండి ఉంది. రేణుక ఊరికి ఫోన్ చేస్తే బాపు ముందు ఏమీ అనలేదట. కాసేపటికి, అయితే పుస్తకాలు ఊరికి తేవుగద, అన్నాడట. తేను బాపూ, అందట ఈమె. సరే మంచిది, ఈడ పెట్టేటందుకు సుత జాగ లేదు, అన్నాడట. అంతకంటే సంతోషం చూపించే మనిషి కాదని రేణుక ఆయనకు నవ్వుతూ చెప్పింది.

ఆదివారం వచ్చింది. గది నిండింది. మహిత మొదటి వరుసలో కాకుండా వెనక గోడ దగ్గర, రేణుక పక్కన కూర్చుంది. భుజం భుజం ఆనించుకుని ఒకే పుస్తకంలో చూస్తున్నారు. అరుంధతి నల్లబల్ల మీద బస్సు గీసింది. గీసి, చాక్‌పీసు పట్టుకుని కాసేపు ఆగింది. వారమంతా ఆలోచించి పెట్టుకున్న మాట ఒకటి చెప్పాలి.

"వాకబు ఉంటది," అంది. "దుకాణాలను అడుగుండ్రి, చెట్లను అడుగుండ్రి, ఈ మెట్రో ఎన్నేండ్ల సందో అడుగుండ్రి. మనిషి సంగతి ఆ మనిషే చెప్పాలె. చెప్పకపోతె ఇంకొకరు చెప్పొద్దు. నేను అడగ."

ఇంద్రసేన లేచాడు. వచ్చి ఎన్నేళ్లయిందని ఎవరడిగినా ఒక్క సంవత్సరం అనే చెప్పే మనిషి. గడ్డం దగ్గర అక్కడక్కడ తెల్ల వెంట్రుకలు ఉన్నాయి.

"నేను చెప్త మేడం," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఐ హావ్ బీన్ ఇన్ అశోక్‌నగర్ ఫర్..."

అందరూ అతని వైపు తిరిగారు. ఇంద్రసేన వేళ్ల మీద ఏదో లెక్కపెట్టాడు. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చేతికి వచ్చాడు. ఆగి, చుట్టూ చూసి, నవ్వేశాడు.

"జర ఆగుండ్రి మేడం. వచ్చే ఆదివారం చెప్త."

గది ఘొల్లుమంది. రేణుక అందరికంటే గట్టిగా నవ్వింది.

"చెప్పు, చెప్పకు, నీ ఇష్టం," అంది అరుంధతి, చాక్‌పీసుతో బస్సుకు ఇంకో కిటికీ గీస్తూ. "సీటు మాత్రం ఎటూ పోదు. కూసో."

ఇంద్రసేన కూర్చున్నాడు.